గూటిలోని పుస్తకములు

స్త్రీలు చదువదగిన పుస్తకములేవి, చదువగూడనివేవి యను చర్చ తెలుగుదేశమున ముద్రాయంత్రము కాలూనిన నాటనుండియు నడుచుచున్నది. వ్రతకథలు, పతివ్రతల చరిత్రలు, పాకశాస్త్రము, శిశుపోషణము అను నాలుగు మూలల నడుమ ఆడువారి చదువునకు ముగ్గు వేసి, ఆ ముగ్గు దాటవలదని పెద్దలు పలుమాఱు బోధించిరి. నవలలు చదివిన కోడలు కాపురము చేయదని యొకరు, శాస్త్రములు చదివిన కూతునకు వరుడు దొరకడని వేఱొకరు. ఆ మాటలు నేడంత బిగ్గరగా వినబడవు. అయినను పుస్తకముల యంగడికి బోయినచో, "ఇవి ఆడవాళ్ల పుస్తకాలమ్మా" యని యంగడివాడు చూపు బల్ల యొకటి నేటికిని వేఱుగనే యుండును.

మేము ఆ బల్లనుండియు కొనుచుందుము, ప్రక్కబల్లనుండియు కొనుచుందుము. మా యింటి నడుమగదిలో గోడకు లోతైన గూడొకటి కలదు. పూర్వము శేరు, పడి మొదలగు కొలపాత్రలుంచుటకు కట్టినది. ఇప్పుడందు కాలజ్ఞానము, వేమన పద్యములు, నిఘంటువు, నవలలు, వంటపుస్తకములు, వైద్యగ్రంథములు, స్వీయచరిత్రలు ఒండొంటిని ఒరసికొని యుండును. తెగలవారిగా సర్దిపెట్టుమని యింటిలోనివారు చెప్పుచుందురు. సర్దకుండుటయే మేలని మా యభిప్రాయము. ఒకే తెగ పుస్తకములు చదువువారికి ఆ పుస్తకము చెప్పినదెల్ల వేదవాక్యమగును. పలు తెగలు కలసియున్న గూటిలో ఒకటి చెప్పిన మాటను వేఱొకటి నిలదీయును. ఇందులకు మా యూరి కొండయే సాక్షి.

మాది బనగానపల్లె. పేరు వినగానే సోదరీమణులకు మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. ఆ పండునకు 2017లో భౌగోళిక గుర్తింపును లభించినది. ఊరు 1948 వఱకు నవాబుల సంస్థానము. పిమ్మట కర్నూలు జిల్లాలో చేరి, 2022 నుండి నంద్యాల జిల్లాలో నున్నది. పండు రుచి నెఱిగినంతగా మా యూరికి పుస్తకములతో గల బాంధవ్యమును జనులెఱుగరు.

ఊరికి చేరువనే రవ్వలకొండ కలదు. శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట పసులకాపరిగా నుండి, మందను కొండపై మేతకు విడిచి, వాని చుట్టును గీత గీసి, తాము గుహలో గూర్చుండి తాటియాకులపై కాలజ్ఞానమును వ్రాసిరని యిచ్చటివారు తరతరములుగా చెప్పుకొందురు. కాపరి యేమి చేయుచున్నాడో చూడవచ్చిన అచ్చమ్మగారు ఆ వ్రాతను కనుగొని, ఆశ్చర్యపడి, శిష్యురాలై యుపదేశము పొందిరట. వ్రాసిన యాకులలో పెక్కింటిని ఆమె యింటనే పాతిపెట్టి పైన చింతచెట్టు నాటిరనియు చెప్పుదురు. ఇది సంప్రదాయము చెప్పెడి కథ. ఇందు మాకు మిక్కిలి ప్రియమైనది అచ్చమ్మగారి పాత్ర. ఒక మహాగ్రంథమునకు తొలి శ్రోత యొక గృహిణి యగుట మన సారస్వత కథలలో నరుదు. పశువులు వదలి యాకులు గీయుచున్నావేమని ఆమె కసరి కాపరిని పంపివేసియుండినచో ఆ గ్రంథము గతి యేమై యుండునో సోదరీమణులే యూహింపవచ్చును.

ఈ ప్రాంతపు రాళ్లనుగూర్చియే వేఱొక పుస్తకమును కలదు. భారత భూగర్భశాఖకు చెందిన విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు 1872లో కడప కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. కర్నూలు శిలలలో అన్నిటికంటె అడుగున నున్న పొరల కతడు మా యూరి పేరే పెట్టెను. వజ్రములకు ప్రసిద్ధి చెందినదియు ఆ పొరయే. నేటికిని భూగర్భశాస్త్రజ్ఞులు ఆ పేరుతోనే వ్యవహరింతురు. రవ్వ యనగా వజ్రమే గదా! స్వామివారి చరిత్ర చదివినప్పుడు మాకు గుహ కనబడును. శిలల గ్రంథములోని సంగతి తెలిసిన పిమ్మట, కోట్ల యేండ్లకు పూర్వము నీటి యడుగున పేరుకొని గట్టిపడిన యిసుకయు గులకరాలును కనబడును. కొండ యొక్కటియే. రెండవ పుస్తకము చదివితిమని మొదటిదానిపై భక్తి తఱుగలేదు. మొదటిది చదివితిమని రెండవదానిని త్రోసివేయవలసిన పనియు కలుగలేదు. యాగంటి బసవన్న పెరుగుచున్నాడను మాటయు నిట్టిదే. భక్తులొక విధముగను, రాళ్ల స్వభావమెఱిగినవారు వేఱొక విధముగను చెప్పుదురు. రెండును విన్న మా యింటి పిల్లలు కొలతబద్ద తీసికొని పోవుదమని బయలుదేరిరి. ఆ యాలోచన మాకు మిక్కిలి నచ్చినది.

ఇది వేడుకకు చెప్పిన మాట కాదు. 2020లో కొవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు, ఆ వ్యాధి పేరును బోలిన పేరొకటి కాలజ్ఞానములో ముందే యున్నదని ఒక పద్యము చేతిఫోనులలో ఊరూర తిరిగెను. మా వీధిలో అది చేరని యిల్లు లేదు. కొందఱు భయపడిరి. కొందఱు, స్వామి చెప్పినది జరిగియే తీరును గావున మందు మాకులతో పనియేమని ఊరకుండిరి. ఈ రెండవ తెగవారిని చూచి మాకు నిజముగా గుండె జారినది. గూటిలోని కాలజ్ఞానపు ప్రతులను దింపి చూచితిమి. అచ్చు ప్రతులు ఒకదానితో నొకటి కలియవు. ఒకదాన నున్నవి వేఱొకదాన లేవు. తాటియాకులనుండి తాటియాకులకు, నోటినుండి నోటికి వచ్చిన గ్రంథములలో ఇట్లగుట వింతయు కాదు, స్వామివారికి లోపమును కాదు. ప్రతి తరమువారును తమ భయములను పెద్దల నోట పెట్టుదురు. ఇది తెలిసికొనుటకు భక్తిని వదలనక్కఱలేదు, రెండు ప్రతులు ప్రక్కప్రక్కన పెట్టుకొన్న చాలును.

ఆ దినములలోనే వైద్యపుస్తకమును దింపి యింటిలోని వారికి బిగ్గరగా చదివితిమి. వ్యాధి వచ్చునని చెప్పినది యొక పుస్తకము. వచ్చినప్పుడు చేతులు కడుగుకొనుడు, దూరముగ నుండుడు అని చెప్పునది వేఱొకటి. మా యవ్వ యంతయు విని, "చేతులు కడుక్కోమంటే కడుక్కుంటాను గానీ, సామిని మాత్రం మధ్యలోకి తేవద్దు" అనిరి. అంతకంటె చక్కని గ్రంథవిమర్శ నేటివఱకు మేమెచ్చటను చదువలేదు.

తెలుగున ఇట్టి శాస్త్రగ్రంథములు పుట్టుటకు మా జిల్లావారి శ్రమయు కలదు. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి స్థాపింపబడినప్పుడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారితో కూడ నిలిచిన వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారొకరు. వీరు 1883లో కర్నూలున జన్మించిరి. మండలివారు ప్రకటించిన మొదటి పుస్తకము వీరు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. తరువాత జీవశాస్త్రము, పదార్థవిజ్ఞానము, చరిత్రలు, కలరావంటి వ్యాధులను గూర్చిన పుస్తకములును వరుసగా వెలువడెను. దేవతల కథలును రాజుల కథలును తప్ప వేఱు పుస్తకములు లేని యిండ్లలో, కట్టెలు కొట్టి పెరిగిన యమెరికా దేశాధ్యక్షుని కథ వచ్చి చేరుట సామాన్యమైన మార్పు కాదు.

ఇక నవలల సంగతి. నవలలవలన ఆడువారు చెడుదురను వారికి మేము రాజశేఖర చరిత్రము నిత్తుము. వీరేశలింగము పంతులుగారు దీనిని 1878లో వివేకవర్ధనిలో ప్రకటింప నారంభించి 1880లో పుస్తకముగా వెలువరించిరి. గోల్డుస్మిత్తను నాంగ్లకవి వ్రాసిన వేకుఫీల్డు గ్రామపు మతాచార్యుని కథ దీనికి ప్రేరణము. అది గోదావరి తీరమునకు వచ్చి తెలుగు కట్టు కట్టుకొని, 1887లో మరల నింగ్లీషులోనికి పోయినది. పుట్టినింటికి కోడలై పోయిన పిల్ల వంటిదీ నవల. అందు రాజశేఖరుడు బంగారము చేయుదునన్న బైరాగిని నమ్మి, ఇంటిలోని వెండి బంగారములను వాని చేతిలో పెట్టి సర్వమును పోగొట్టుకొనును. నేడు బైరాగి కాషాయము విడిచి ఫోనులో మాటలాడుచున్నాడు. పెట్టిన ధనము నెల తిరుగకుండ రెట్టింపగునని వచ్చు సందేశములను చదివినప్పుడెల్ల మాకు రాజశేఖరుని యింటి పెరడు జ్ఞప్తికి వచ్చును. మా బంధువులలో నొకామె ఇట్టి సందేశమును చూచి గాజులు కుదువ పెట్టబోవుచుండగా, ఆ ప్రకరణమును చదివి వినిపించితిమి. గాజులు చేతికే యుండినవి. హితోపదేశము చేసినచో ఆమెకు కోపము వచ్చియుండెడిది. కథ యగుటచేత నవ్వు వచ్చినది. నవలల ప్రయోజనమును గూర్చి మాకు తెలిసిన వాదమిదియే.

స్వీయచరిత్రలలో మేము మాటిమాటికి తెఱచునది వంగదేశపు రాససుందరీదేవిది. 1876లో ప్రకటితమైన యా గ్రంథమున ఆమె తన బ్రదుకును తానే వ్రాసికొనెను. పండ్రెండవ యేట పెండ్లి, తరువాత పెద్ద సంసారము, వంటయిల్లు, బిడ్డలు. ఆడుది చదువుట అపచారమని తలచు కాలము. చైతన్యభాగవతము చదువవలయునని ఆమెకు కోరిక పుట్టినది. ఆ పుస్తకమునుండి యొక యాకును తీసి, కుమారుడు అక్షరములు దిద్దిన తాటియాకును సంపాదించి, రెంటిని వంటయింట దాచి, కుండ పొయ్యిపై నుడుకుచుండగా ఈ యక్షరమును ఆ యక్షరముతో పోల్చి చూచుకొనుచు చదువు నేర్చినది. ఎవరైనను వచ్చినచో ఆకును కొంగుక్రింద దాచుకొనెడిది. చదువు రాని సోదరీమణులకు మేమీ కథ చెప్పినప్పుడు వారు కన్నీరు పెట్టుటకంటె పెద్ద పని చేయుదురు: బడికి బోవు మనుమరాలి పలకను అడిగి తెప్పించుకొందురు. ఇట్లు పలక పట్టిన వారిద్దఱు మా వీధిలో కలరు. ఒకామె బస్సు పలకలను చదువును. రెండవ యామె పంచాంగమును చదివి మా పొరపాటులను దిద్దుచున్నది.

మన దేశమున అట్టి పట్టుదలగలవారు భండారు అచ్చమాంబగారు. పైని చెప్పిన లక్ష్మణరావు పంతులుగారి యక్కగారు. 1874లో పుట్టి, చిన్ననాటనే పెండ్లియై, మధ్యపరగణాలకు కాపురము పోయి, తమ్ముడు తనయొద్ద నుండి చదువుకొనుచుండగా తానును చదువు సాగించిరి. తెలుగు, హిందీలతో నారంభించి మరాఠీ, గుజరాతీ, వంగభాష, సంస్కృతముల వఱకు పోయిరి. కన్న బిడ్డలిరువురును దక్కలేదు. స్త్రీలకు ప్రజ్ఞ లేదనువారికి ప్రత్యుత్తరముగా, అనేక భాషల పుస్తకములనుండి ప్రసిద్ధ వనితల చరిత్రలను ఏరి అబలాసచ్చరిత్ర రత్నమాలను కూర్చిరి. 1902లో హిందూసుందరి పత్రికలో ధనత్రయోదశి యను కథను వ్రాసిరి. తెలుగున తొలి కథానికలను లెక్కించువారు దీనిని విస్మరించి గురజాడవారి 1910 నాటి కథతో మొదలుపెట్టుట చాలకాలము జరిగినది. అచ్చమాంబగారు 1905లో ముప్పదియొకటి యేండ్లు నిండీ నిండక మునుపే మరణించిరి. ఆమె యొకే భాష, ఒకే తెగ పుస్తకములతో తృప్తి పడియుండినచో ఆ రత్నమాల పుట్టియుండెడిదే కాదు. ఝాన్సీరాణియు, భక్తురాండ్రును, పండితురాండ్రును ఒక్క పుస్తకములో నొకరిప్రక్క నొకరు కూర్చుండుట ఆ కాలపు చదువరులకు ఎట్లు తోచెనో! మాకు మాత్రము ఆ పేజీలు పేరంటమువలె నుండును.

నిఘంటువును చదువుదుమన్నచో కొందఱు నవ్వుదురు. వంటయింటిలో చదువుటకు దానిని మించిన పుస్తకము లేదు. పాలు పొంగినప్పుడు ఏ పదముకడనైనను విడిచి లేవవచ్చును, తిరిగివచ్చి వేఱొక పదముకడ కూర్చుండవచ్చును, కథ తెగదు. మా గూటిలోనిది బ్రౌనుదొరగారి నిఘంటువు, 1852 ప్రాంతమున వెలువడినదానికి పునర్ముద్రణము. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1820లో కడపకు ఉద్యోగమునకు వచ్చి, తరువాత నచ్చట బంగళా కొని, జీతములిచ్చి పండితులను నిలిపి, తాళపత్రములను వెదకి తెప్పించి, ప్రతులు వ్రాయించి, సరిపోల్చి దిద్దించెను. 1829లో వేమన పద్యములను ప్రకటించెను. పరదేశపు దొర పల్లెటూరి పద్యములనేల యేఱికొనెనని ఆనాటి పండితులు కొందఱు విసుగుకొని యుందురు. జొన్నలు, కొఱ్ఱలు మొదలుకొని శాస్త్రపదములవఱకు అతని నిఘంటువున ఒకే పంక్తిని భోజనము చేయుచుండును. అచ్చమైన పండితులు వదలివేసిన వాడుకమాటలకు కూడ పీట వేసినవాడతడు. కడపలో ఆ బంగళా యున్నచోటనే నేడు బ్రౌను స్మారక గ్రంథాలయము కలదు. కడపకు పెండ్లిపేరంటములకు బోవు సోదరీమణులు ఒక పూట అచ్చట గడపవచ్చును.

పాకశాస్త్రమును చిన్నచూపు చూచు చదువరులతో మాకు సరిపడదు. మాలతీ చందూరుగారి వంటలు పిండివంటలు అను పుస్తకము ఎన్నెన్ని ముద్రణములు పొందెనో చూచినచో, తెలుగింట నది పంచాంగముతో సమానముగ చోటు సంపాదించినదని తెలియును. ఆమెయే 1952 మొదలు దశాబ్దములపాటు ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనమను శీర్షికను నడిపి, పాఠకురాండ్ర ప్రశ్నలకు ప్రత్యుత్తరము లిచ్చిరి. ఆమెయే విదేశీ నవలలను వందలకొలది చదివి, పాతకెరటాలు అను పేర వాని సారమును తెలుగువారికి చెప్పిరి. ఒక చేత గరిటెయు, వేఱొక చేత రష్యా నవలయు పట్టినవారు. రెండు చేతులును ఒకరివే యని జనులు తెలిసికొనుటకు కొంతకాలము పట్టినది. అయితే ఒక మాట చెప్పవలయును. నవల సారము వినుట వేఱు, నవల చదువుట వేఱు. ఆమె చెప్పిన కథ విని తృప్తి పడక, అనువాదము దొరకినంతవఱకు మూలగ్రంథమునకే పొండని మేము చెప్పుదుము. ఆమె కోరికయు నదియే యై యుండును.

పద్యకావ్యములలో మా సీమవారి గుండె నెఱిగినది విద్వాన్ విశ్వముగారి పెన్నేటి పాట, 1956 నాటిది. పెన్న నీరు లేని నది. ఆ యొడ్డున నొక పేద దంపతుల బ్రదుకు. 1876 నుండి 1878 వఱకు ఈ సీమను కాల్చిన పెనుకరువును గూర్చి దొరతనమువారి నివేదికలు కలవు. అందు ధాన్యపు ధరలు, గంజిశాలలు, కూలిపనులు, చనిపోయినవారి సంఖ్యలు నుండును. అంకెలు చదివినప్పుడు మనసు మొద్దుబారును. పాట చదివినప్పుడు ఒక యింటి పొయ్యి మాత్రమే కనబడును గాని, ఆ పొయ్యిలో పిల్లి పడుకొని యుండును. రెండును కావలయును. పాట మాత్రమే చదివినవారు కరువును విధి యనుకొందురు. అంకెలు చదివినవారికి ధాన్యము రైళ్లలో నెటు పోయినదో ప్రశ్నింపవలయునని తోచును. కేతు విశ్వనాథరెడ్డిగారి కథలును ఈ వరుసలోనివే. వానిని గూర్చి వేఱుగా వ్రాయవలసి యున్నది గావున నిచ్చట విడుచుచున్నాము.

ఇన్ని చదువుటకు తీఱిక యెక్కడిదని యడుగుదురు. తీఱిక యని యొకటి గృహిణులకు దేవుడు సృజింపలేదు. మేము చదువునది సంధికాలములలో: కుక్కరు కూతకును కూతకును నడుమ, బడిబస్సు వచ్చులోపల, మధ్యాహ్నము ఇంటిలోనివారు కునుకు తీయు నరగంట. ఆవకాయకు ముక్కలు కొట్టు దినములలో చేతులకు తీఱిక యుండదు గాని చెవులకుండును. ఒకరు చదువగా నలుగురు పని చేయుచు విందురు. నలుగురు వినుచున్నప్పుడు పుస్తకమున కబద్ధమాడు ధైర్యము తక్కువగును, ఎవరో యొకరు "అదెట్లక్కా?" యని యాపుదురు.

పుస్తకములు దొరకుట వేఱొక చిక్కు. కోస్తాలో 1914లో బెజవాడయందు గ్రంథాలయ మహాసభ జరిగినది; 1935లో కాలువపై పడవలో పుస్తకముల నూరూర త్రిప్పిరి. మా మెట్టసీమలో పడవకు నీరెక్కడ? ఇచ్చట పుస్తకము కొంగునుండి కొంగునకు ప్రయాణము చేయును. అందుకొఱకు మేమొక లెక్కపుస్తకము పెట్టితిమి. తీసికొన్నవారి పేరు, తేది, తిరిగి యిచ్చునప్పుడు దానిని గూర్చి ఒక్క వాక్యము. ఆ వాక్యము వ్రాయనిదే రెండవ పుస్తకము లేదు. "బాగున్నది" యన్న మాట చెల్లదు. ఈ నియమమునకు మొదట గొణిగినవారే ఇప్పుడు పేజీలు నింపుచున్నారు. వేమనను తిరిగి యిచ్చుచు ఒకామె, ఆడువారిని తిట్టిన పద్యములు ఆయన వ్రాసినవే యగునా, తరువాతివారు చేర్చిరా యని వ్రాసినది. కాలజ్ఞానపు ప్రతులను పోల్చి చూచిన దినమున ఆమెయు మాతోనే యుండెను.

ప్రస్తుతము రాజశేఖర చరిత్రము పడమటివీధిలో నున్నది. రాససుందరీదేవి చరిత్రకు ముగ్గురు కాచుకొనియున్నారు. మొన్న క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలొకతె వచ్చి, బనగానపల్లె రాళ్లను గూర్చి తెలుగున వ్రాసిన చిన్న పుస్తక మేదైనను కలదాయని యడిగినది. వెదకుచున్నాము. చదువరులలో నెవరికైన తెలిసియుండినచో ఈ పత్రిక చిరునామాకు వ్రాయ గోరుచున్నాము.